మా అత్త పెంచిన జమ్ము

మా మేనత్త పోయిందన్న కబురు నేను బడిలో పాఠం చెబుతుండగా వచ్చింది. ధర్మవరం నుంచి హిందూపురానికి చీరల మూటలు తెచ్చే వ్యాపారి ఒకాయన బడి వాకిట్లో నిలబడి, "అమ్మా, మీ అత్త పొద్దున్నే పోయిందమ్మా. నాలుగు దినాలు జొరం. నిన్ను పిల్చుకోని రమ్మన్నారు" అన్నాడు. ఎక్కాలు చెబుతున్న పిల్లల గొంతులు ఆగలేదు. నేనే ఆగిపోయాను.

మధ్యాహ్నం ప్యాసింజరు పట్టుకుని వెళ్లేసరికి అరుగు మీద బంధువులందరిదీ ఒకటే పాట. "పాపం, చిన్నప్పుడే మొగుడు పాయ, బిడ్డలు లేకపాయ, రంగునీళ్లలోనే బతుకు తెల్లారిపాయ." నాకు ఒళ్లు మండింది. మా అత్తను చూసి జాలిపడే అర్హత ఆ అరుగు మీద ఒక్కరికీ లేదు. ఆమె ఆ మాట విని ఉంటే గంగాళం కలిపే కట్టె తీసుకుని ఒక్కొక్కరినీ వీధి చివరిదాకా తరిమేది. ఇక ఆ పని చేయడానికి ఆమె లేదు కాబట్టి నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ధర్మవరం చీర అనగానే అందరూ నేసినవాళ్లను తలుచుకుంటారు, అమ్మినవాళ్లను తలుచుకుంటారు. రంగు వేసినవాళ్లను అడిగే దిక్కు లేదు. పట్టు మగ్గం ఎక్కే ముందు దానికి రెండు స్నానాలు. మొదట సబ్బు, సోడా వేసి ఉడికిస్తే బంక వదిలి మెత్తబడుతుంది. తర్వాత పులుపు కలిపిన రంగునీళ్లలో ముంచితే రంగు పడుతుంది. ఆ రెండు నీళ్లూ చివరికి వీధి మురుగు పారే మోరీలోకే. మామ పోయాక రంగుల కొట్టం మూసేయమని అందరూ చెప్పినా అత్త మూయలేదు. ఆ వీధిలో అలాంటి కొట్టాలు తొమ్మిది ఉండేవి. ఎనిమిదింటికి మగవాళ్లు యజమానులు, ఒకదానికి మా అత్త.

అన్నం కలిపే ఆమె చెయ్యి ఏ రంగులో ఉందో చూసి ఆ రోజు ఏ చీరల పని నడిచిందో చెప్పేవాళ్లం. ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ నీళ్లు కనిపించినా రెండు వేళ్ల మధ్య రుద్ది చూసేది, ఒక చుక్క నాలుక కొసకు తాకించి ఉమ్మేసేది. అది రంగులవాళ్లందరి అలవాటే. జారితే సోడా, పుల్లగా ఉంటే రంగునీళ్లు. పెళ్లిళ్లలో చారు వడ్డిస్తే కూడా ముందు వేళ్లతో రుద్ది చూసేది. పక్కన కూర్చోవాలంటే మాకు సిగ్గు.

ఆ నాలుకే ఆమెను చిక్కుల్లో పడేసింది. పందొమ్మిది వందల యాభైల్లో ఒక ఎండాకాలం, కింది వీధిలో బొరుగులు వేయించి అమ్మే ఆమె కడవ నెత్తిన పెట్టుకుని వచ్చి, మా అత్త గడప ముందు కుమ్మరించింది. నీళ్లు లేత ఎరుపు.

"చూడక్కా, మా బావి నీళ్లు. మీ చీరలు మెరవాలంటే మా బిడ్డలు ఇవి తాగల్లనా?" అంది.

ఎనిమిది కొట్టాల మగవాళ్లూ బయటికొచ్చారు. "బతుకుదెరువు మే ఇది! నీళ్లను యాడికి పొమ్మంటావు, ఆకాశానికా? మా నీళ్లే అని ఏం గ్యారంటీ?" అని అరిచారు. అత్త వంగి, గడప ముందు మడుగులో వేలు ముంచి నాలుకకు తాకించింది.

"నాదే. ఈ పులుపు నేనేసిందే" అంది.

ఆ వీధిలో అంతకు ముందు ఎవరూ ఆ మాట అనలేదు. ఒక్క మాటతో తొమ్మిది కొట్టాలూ దోషం ఒప్పుకున్నట్టయింది. మగవాళ్లు నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె లెక్కచేయలేదు. "పనిచేస్తే మురికి అంటుతాది, దాంట్లో నామోషీ ల్యా. దాన్ని కిందోళ్ల మీదికి తోసేదే నామోషీ" అనేది. తోయకుండా ఏం చేయాలో మాత్రం ఆమెకూ తెలియదు.

ఆ ఏడే నా మొదటి కాన్పు. మా అమ్మ లేదు కాబట్టి అత్తే హిందూపురం వచ్చింది. మా ఇంటి వెనక ఒక మోరీ, దాని దారిలో మనిషెత్తు జమ్ము. అత్త బిడ్డను ఒళ్లో వేసుకుని వక్కాకు నములుతూ అటే చూసేది. మూడో రోజు నన్ను పిలిచింది.

"కోడలు పిల్లా, ఈ తట్టు నల్లగా పోయిన నీళ్లు ఆ తట్టు తేటగా వస్తాండాయి. ఆ నలుపు యాడికి పోతాంది?"

"నువ్వొచ్చింది బిడ్డను చూసేదానికా, మోరీని చూసేదానికా?" అన్నాను.

"బిడ్డ యాడికీ పోదులే" అని బిడ్డను నా చేతిలో పెట్టి, చీర ఎగ్గట్టి మోకాళ్లలోతు దిగింది. ఒక మొక్క పీకి, కాడ విరిచి చూపించింది. లోపలంతా సన్నటి బొక్కలు. "గాలి ఇట్ల కిందికి పోతాది చూడు. నలుపును తినేది జమ్ము గాదేమో మే, దాని కాళ్లకాడ ఉండే బురద. జమ్ము ఆ బురదకు ఊపిరి పోస్తాంది." నేను నవ్వాను. చదువుకున్నదాన్ని కదా, నవ్వడం నాకు సులువు.

తిరిగి వెళ్లేటప్పుడు రెండు తడి గోనెసంచుల నిండా జమ్ము దుంపలు కట్టింది. నేను స్టేషన్‌కు సాగనంపడానికి వెళ్లాను. టికెట్ కలెక్టరు అడ్డం పడ్డాడు. "ఏమమ్మా, గడ్డి మూటలు మనుషుల పెట్టెలోనా?"

"గడ్డి గాదప్పా, కూలోళ్లు. ధర్మవరంలో పనికి పిల్చుకపోతాండా. సీటు గూడా అడగలే వీళ్లు" అంది. ఆయన నవ్వి పక్కకు తప్పుకున్నాడు.

కూలీలు ఎనిమిది రోజులు కూడా బతకలేదు. కొట్టం వెనక గుంత తవ్వి నాటి, ఉడుకుడుకు సబ్బునీళ్లు నేరుగా వదిలింది. జమ్మంతా కమిలిపోయింది. "గుంతలో జమ్ము కూర వండినాదప్పా" అని వీధంతా ఇకిలించింది. అత్త గుంత గట్టున కూర్చుని వేళ్లు రుద్దుకుంటూ, నాలుక తాకించుకుంటూ ఆలోచించింది. సబ్బునీళ్లు జారుతాయి, రంగునీళ్లు పులుస్తాయి. ఏది ఒంటరిగా వెళ్లినా మొక్కను చంపుతుంది. రెండూ కలిస్తే ఒకదాని పొగరు ఒకటి అణుస్తుంది. అందుకని ముందు బండలు పరిచి ఒక తొట్టి కట్టించింది. రెండు నీళ్లూ అందులో కలిసి, ఒక రోజంతా చల్లారాలి. నాలుకకు పులుపూ వేళ్లకు జారుడూ లేవని చూశాకే తూము తీసేది. తర్వాతి గుంతలో కంకర, చిత్రావతి ఏటి ఇసుక వేసి జమ్ము. దాని తర్వాత గుంతలో తుంగ. హిందూపురం నుంచి కూలీలు మళ్లీ రైలెక్కారు.

ఆ వానాకాలానికి జమ్ము ఆమె తల దాటింది. ఏడాదికి రెండుసార్లు కోసి, ఎండబెట్టి, గంగాళాల కిందే మంట పెట్టేది. పశువులను మాత్రం దాని దగ్గరికి రానిచ్చేది కాదు. "రంగు తాగిన గడ్డి తిని ఆవు పాలిస్తే, ఆ పాలు ఎవురు తాగల్ల?" అనేది. కింది బావి మెల్లగా తేటపడింది. నవ్వినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, "ఏమక్కా, మా నీళ్లు గూడా ఈ తట్టు తిప్పుకోవచ్చునా?" అని అడిగారు. గుంతలు పెరిగాయి. అరవైలు వచ్చేసరికి తొమ్మిది కొట్టాల నీళ్లూ ఆ జమ్ములోకే పారేవి.

అంతా బాగుందనుకున్నప్పుడు దసరా వచ్చి పడింది. మా వాళ్లకు ఆయుధపూజ అంటే పనిముట్ల పండుగ. ముందు రోజు గంగాళాల్లో మిగిలిన రంగంతా పారబోసి, చింతపండు, ఇటుకపొడి పెట్టి రాగి తళతళలాడేదాకా తోమి, బొట్లు పెట్టాలి. అదివరకు ఎవరి మోరీ వాళ్లదే. ఆ ఏడు తొమ్మిది ఇళ్లవాళ్లూ ఒకే పగలు ఆ జమ్ములోకి కుమ్మరించారు. అత్త కూడా కుమ్మరించింది. రోజూ చెంబు లెక్కన నీళ్లు వదిలే మనిషికి ఆ సంగతి తట్టనేలేదు. పూజ పూటకు దాన్ని పొరపాటని ఎవరనుకుంటారు? ఇంటి దేవుడికి చేసే శుభ్రం అది. తెల్లవారి కింది వీధివాళ్లు పండక్కి ఓళిగలు వండడానికి నీళ్లు తోడుకుంటే బావి ఊదా రంగు.

ఈసారి బొరుగులామె కడవ తేలేదు. కింది వీధంతా కలిసి అర్జీ పెట్టారు. ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి వెళ్లాడు. నెల రోజుల్లో తొమ్మిది కొట్టాలూ మూసి ఊరి బయటికి పోవాలని నోటీసు వచ్చింది. ఊరి బయట చుక్క నీళ్లు లేవు. పొమ్మనడమంటే పని మానమనడమే.

అత్త నన్ను పిలిపించి, పెనుకొండలో పెద్ద ఆఫీసరుకు కాగితం రాయమంది. "తమరు దయతలచి కటాక్షించవలసిందిగా ప్రార్థన" అని మొదలుపెట్టాను.

"కొట్టెయ్. ప్రార్థన ఏంటికి? తప్పు చేసినామని రాయి, ఎట్ల చేసినామో రాయి, ఎట్ల సరిచేస్తామో రాయి. దయ అనే మాట వద్దు."

పెనుకొండకు ఇద్దరం వెళ్లాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కచేరీ వరండాలో నిలబెట్టారు. ఆమె చేతిలో మూతి బిగించిన ఇత్తడి చెంబు, అందులో చివరి గుంత నీళ్లు. పైట కొంగులో తెల్లటి పట్టు చిలపలు రెండు, ఇంకా రంగు పడని దారం చుట్టలు. లోపలికి పిలిచాక ఆఫీసరు కాగితం చదివి, చెంబు చూసి, "నీళ్లు అంత శుభ్రమైతే తాగి చూపించమ్మా" అన్నాడు. తాగేస్తుందని భయపడ్డాను.

"నేనెందుకు తాగల్ల సార్?" అంది అత్త. "తాగే నీళ్లని నేను యాడా రాయలే. మీ కచేరీ వెనక మోరీ ఉండాది, దాన్ని తాగమని మిమ్మల్ని ఎవురన్నా అడిగినారా? కిందోళ్ల బావి చెడగూడదు, అంతే నా మాట."

తర్వాత ఒక చిలప చెంబులో ముంచింది. "తెల్ల పట్టుకు అబద్ధం రాదు సార్. రంగుంటే దాచుకోలేదు" అంది. ఆయన వేరే కాగితాల మీద సంతకాలు పెడుతూ కూర్చున్నాడు. అరగంట తర్వాత ఆమె చిలప పిండి, కిటికీ దగ్గర పొడి చిలప పక్కన పట్టుకుంది. నాకు రెండూ ఒకటిగానే కనిపించాయి. ఆమె మాత్రం, "కొంచెం పసుపు తిరిగింది. రంగు గాదు, జమ్ము మురుగు. ఉండేది ఉన్నట్ల చెప్తాండా" అంది. అడగకుండానే తన లోపం తానే చెప్పే మనిషిని ఆయన అంతకు ముందు చూడలేదేమో, కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాడు.

"మరి దసరా నాడు?"

"అది మా తప్పే. వచ్చే దసరాకు బావి చెడితే, మీరు నోటీసు పంపే పని ల్యా. నా పొయ్యి నేనే పగలగొడతా."

నోటీసును వచ్చే దసరా దాకా ఆపారు. రైల్లో నేను ఉబ్బితబ్బిబ్బవుతుంటే, "గెలిచినామని ఎవురు చెప్పినారు? గడువు దొరికింది, అంతే" అంది.

ఆ గడువులో ఆమె కనిపెట్టింది తేలికైన సంగతే. నవరాత్రులు తొమ్మిది, కొట్టాలు తొమ్మిది. రోజుకొక్క ఇల్లు మాత్రమే గంగాళాలు పారబోసి తోముకోవాలి. కానీ తోమి బొట్టుపెట్టిన గంగాళాన్ని పూజ అయ్యేదాకా పొయ్యి మీద పెట్టకూడదు. అంటే పాడ్యమి నాడు తోముకున్నవాళ్లకు, పెళ్లిళ్ల చీరల పని ముమ్మరంగా ఉండే రోజుల్లో, పూజదాకా పొయ్యి వెలగదు. మొదటి రోజు ఎవరిది అనేసరికి మగవాళ్లందరూ తలలు వంచుకుని నేల చూశారు.

"మీసాలు కిందికి దించినారేమప్పా? పాడ్యమి నాది" అంది అత్త.

ఆ దసరాకు ఇన్‌స్పెక్టరు వచ్చి, కింది బావిలో బొక్కెన వేయించి నీళ్లు చూశాడు. తేటగా ఉన్నాయి. నోటీసు మళ్లీ రాలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ పాడ్యమి ఆమెదే. వంతులు మార్చుకుందామని ఎవరైనా అంటే, "మీ పెండ్లాలు తిడతారు పోండి" అని పంపేసేది. ఆమె ఎవరిచేతా జేజేలు కొట్టించుకోలేదు. నేను ఆమె ఎదుట ఒక్కసారైనా, నవ్వినందుకు తప్పయిందని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆమె పోయాక మైల అని తొమ్మిది కొట్టాలూ పొయ్యిలు ఆర్పుకున్నాయి. కర్మ చేసే పెద్దదినం దాకా ఎవరూ రంగు కాచలేదు. కాచకపోతే గుంతల్లోకి నీళ్లు లేవు. పైన మండే ఎండ. జమ్ము కొసలు వాలిపోయాయి. మామ తమ్ముడి కొడుకు, కొట్టం ఇప్పుడు ఆయనదే, "ఎట్లాగూ ఎండిపోతాంది గదా, పూడ్చి గది వేసుకుంటాం" అన్నాడు. మిగిలిన ఎనిమిది ఇళ్ల నీళ్లు ఎటు పోవాలని అడిగితే, మోరీ ఉంది కదా అన్నాడు. ఆయనతో నేను పెట్టుకున్న పోట్లాట ఇక్కడ రాయను. నా గొంతు పోయింది, ఆయన మనసు మారలేదు.

పెద్దదినం పొద్దున మట్టి బండి రానే వచ్చింది. దాన్ని ఎలా ఆపాలో తెలియక పెరట్లోకి వెళ్లాను. కింది వీధి ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకుని ఎత్తు ఎక్కి వస్తున్నారు. ముందు బొరుగులామె. జుట్టు నెరిసింది, నడక తగ్గింది. ఎవరినీ అడగలేదు. తిన్నగా గుంతలోకి దిగి, తమ బావి నీళ్లు జమ్ము మొదట్లో పోసింది. వెనకామె పోసింది. ఆ వెనకామె పోసింది.

"చూస్తా నిలబడుకుంటావేమ్మే? అందుకో" అని నన్ను కసిరింది.

బిందె అందుకున్నాను. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ వీధికి అడ్డంగా ఒక వరస అయిపోయారు. మట్టి బండివాడు "జరగండమ్మా, జరగండి" అని రెండుసార్లు అరిచాడు. ఎవరూ జరగలేదు. ఎద్దుల మోరలు తాకేంత దగ్గర నుంచి తొణికే బిందెలు పోతూనే ఉన్నాయి. పగుళ్లిచ్చిన బురద ఆ నీళ్లను గుటగుటా తాగుతోంది.