ఆరోహణ పండుగనాడు మా అత్త తెచ్చిన నీళ్ళు

పోయిన గురువారం ఆరోహణ పండుగ. సాలూరులో మేముంటున్న వీధికి దగ్గర్లోనే కొత్తగా కట్టిన ప్రార్థనా మందిరానికి, మోకాళ్ళ నొప్పుల్ని ఓర్చుకుంటూ పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. పాటలయ్యాక వేదిక మీద తెల్లటి పొగ వదిలారు. ఆ పొగలోంచి తెల్లంగీ తొడిగిన ఒక యువకుణ్ణి, నడుముకు తాడు కట్టి, కప్పీ మీదుగా మెల్లగా పైకి లాగారు. ప్రభువు పరలోకానికి వెళ్ళిన తీరును కళ్ళకు కట్టినట్టు చూపిస్తున్నారట. జనమంతా సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని పైకే చూస్తున్నారు. తర్వాత బోధకుడు మైకు అందుకుని, ఈ మట్టి శరీరం మనది కాదు, ఈ లోకం మనది కాదు, కన్నులెత్తి పైకి చూస్తూ ఉండడమే విశ్వాసి పని అని చాలాసేపు చెప్పాడు.

నా ఒళ్ళు మండిపోయింది. కడదాకా కూర్చోలేక లేచి వచ్చేశాను. ఈ వయసులో అంత కోపం మంచిది కాదని డాక్టరు చెబుతూనే ఉంటాడు, మా ఆయనా చెబుతూనే ఉంటారు. కానీ ఇది ఇవాళ పుట్టిన కోపం కాదు. నా ఈడువాళ్ళు, ముఖ్యంగా ఏజెన్సీలో తొంభైల నాటి రోజులు చూసినవాళ్ళు, నేను చెప్పబోయేది వింటే ఎందుకో తెలుసుకుంటారు.

మాది అనంతగిరి కొండల్లో, ఘాట్ రోడ్డుకు బాగా లోపలగా ఉన్న పల్లె. నిజానికి ఒకే వంశం రెండు చోట్ల ఉండేది. ఎగువ గూడెం ఒకటి, దిగువ గూడెం ఒకటి. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడే మా నాన్నా, ఆయన అక్క, అంటే మా అత్తా యేసును నమ్ముకుని, అలా నమ్ముకున్న మరికొన్ని కుటుంబాలతో కలిసి దిగువన ఇళ్ళు వేసుకున్నారు. వాళ్ళిద్దరికీ తమ్ముడైన మా చిన్నాన్న మాత్రం ఎగువనే ఉండిపోయి ఊరి అమ్మవారికి పూజలు చేసేవాడు. దేవుళ్ళు వేరయినా మనుషులు వేరు కాలేదు. చోళ్ళు, అంటే రాగులు, కోయడానికి వాళ్ళు మా పొలానికి వచ్చేవాళ్ళు, పసుపు తవ్వడానికి మేం వాళ్ళ పొలానికి వెళ్ళేవాళ్ళం. పెద్ద పనసకాయ పండితే సగం పైకి ఎక్కేది, లేదా సగం కిందికి దిగేది. క్రిస్మస్ నాడు చిన్నాన్న వచ్చి మా గుడి గుమ్మం దగ్గర కూర్చుని, పాటలకు తల ఊపుతూ, భోజనాల వేళ అందరికంటే ముందు ఆకు వేసుకునేవాడు.

రెండు గూడేలకూ తాగేనీళ్ళు ఒక్కచోటి నుంచే. ఎగువ గూడెం పక్కన రాళ్ళ సందులోంచి ఒక ఊట ఉబికేది. మండు వేసవిలో కూడా దోసిలి పడితే పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేవి ఆ నీళ్ళు. ఊట పక్కన పసుపు పూసిన ఒక రాయి, దాని ముందు ఎప్పుడైనా కోడి ఈకలు. మా అత్త ఆ రాయి పక్కనే బిందె దించి, ముఖం కడుక్కుని, యేసయ్యా అనుకుంటూ నీళ్ళు ముంచుకునేది. రాయికి అభ్యంతరం లేదు, అత్తకూ లేదు.

తొంభైల మొదట్లో మైదానం నుంచి మా సంఘానికి ఒక అయ్యగారు వచ్చారు. చెప్పకపోతే అన్యాయమవుతుంది, వచ్చిన కొత్తలో ఆయనంటే మాకు ప్రాణం. గొంతు బాగుండేది. వానలో, బురదలో నడిచి వచ్చి జ్వరాలతో ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేసేవారు. కానీ రెండో ఏడో మూడో ఏడో, ఆ ఊట ఆయన కంటపడింది. అవి విగ్రహం కాళ్ళు కడిగిన నీళ్ళనీ, రక్షణ పొందినవాళ్ళు వాటిని ముట్టకూడదనీ చెప్పడం మొదలుపెట్టారు. సంఘం పెద్దలు తల ఊపారు. దాంతో దిగువ గూడెం మొత్తం ఊటను వదిలేసి, ఊరి కింద పారే గెడ్డ నీళ్ళకు మళ్ళింది. ఎగువ వాళ్ళ మనసు ఎంత నొచ్చుకుందో ఎవరూ అడగలేదు. మీ నీళ్ళు దయ్యం నీళ్ళు అని సొంత రక్తం అంటే ఎవరికైనా ఎలా ఉంటుంది? చిన్నాన్న ఆ ఏడాది క్రిస్మస్‌కు రాలేదు. అత్త కొన్నాళ్ళు గొణిగింది, తర్వాత గెడ్డకే వెళ్ళింది, కానీ బిందె నెత్తికెత్తుకున్న ప్రతిసారీ ఆమె ముఖం చూడాలి!

అప్పటికి నేను వేరే మండలంలో టీచరుగా పనిచేస్తూ, వేసవి సెలవులకు ఇంటికి వచ్చేదాన్ని. ఒక మే నెలలో బాగా ఎండలు కాసి, ఒక్కసారిగా కుండపోత వాన పడింది. ఎగువన ఎక్కడెక్కడి పశువుల పేడా, కళేబరాలూ, మురుగూ అంతా కొట్టుకొచ్చి గెడ్డలో కలిసింది. వారం తిరక్కుండా దిగువ గూడెంలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నీళ్ళు కాచి తాగమని నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను గాని, తడిసిన కట్టెలు పొగ తప్ప మంట ఇచ్చేవి కావు. మా వదినా, అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న ఆమె కూతురూ ఇద్దరూ మంచాన పడ్డారు. రోడ్డుదాకా డోలీ కట్టి మోసుకుపోదామంటే అన్నయ్యకు తోడు దిగువన మగవాళ్ళెవరూ లేవలేని స్థితి. ఎగువకు వెళ్ళి అడుగుదామంటే ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి?

ఆ పరిస్థితిలో ఆరోహణ పండుగ వచ్చింది. రోగుల్ని గుడికే మోసుకురమ్మన్నారు అయ్యగారు. చాపల మీద వరసగా పడుకోబెట్టాం. గుడి నిండా పుల్లటి వాసన, మూలుగులు. ఆయన మాత్రం నిలబడి, ప్రభువు మేఘం మీద వెళ్ళిన సంగతి చెబుతూ, భూమ్మీది సంగతులకు ఆరాటపడొద్దనీ, పైనున్న వాటినే వెతకమనీ ప్రసంగం సాగించారు. అత్త ఒళ్ళో ఉన్న పాప నాలుక బయటపెట్టి, పెదాలు తడుపుకోవడానికి చూస్తూ, గొంతులోంచి నీరు, నీరు అంటోంది. మా గూడెంలో ఉన్నవి ఆ గెడ్డ నీళ్ళే.

అత్త లేచి నిలబడింది. గుడిలో ఆడవాళ్ళు ప్రసంగం మధ్యలో లేవడం ఎన్నడూ ఎరగం.

“అయ్యగారూ, ఈ పసిగుంట నీళ్ళడగతంది. ఏ నీళ్ళివ్వమంతారు?”

“ప్రార్థన అయిపోనీ అమ్మా. పైకి చూడు. మన సహాయం అక్కడి నుంచే వస్తుంది,” అన్నారాయన. ఆయనకూ భయంగానే ఉందని ఇప్పుడనిపిస్తుంది. కానీ ఆ భయం ఆయన్ని కదిలించలేదు.

“పైకి సూత్తే మెడ నొప్పెడతాది గానీ దీని దాహం తీరదు. ఆయన పైకెల్లినాడంతే మనల్ని ఆకాసం కేసి సూసుకుంటా కూకోమనేటి? తన పని మన సేతుల్లో ఎట్టి ఎల్లినాడు. నాను ఊటకి పోతన్నాను. ఎవులొత్తారో రండి.”

“విగ్రహం నీళ్ళు ముట్టినవాళ్ళకి ప్రభువు బల్ల దగ్గర రొట్టెలో, రసంలో పాలు ఉండదు!”

“అయితే ఆ బల్ల కాడ నువ్వొక్కడివే కూకుని తిను,” అని పాపను అన్నయ్య చేతుల్లో పెట్టి, మూలనున్న బిందె అందుకుని బయటికి నడిచింది అత్త. నేనూ రెండో బిందె తీసుకుని వెనకాలే పరుగెత్తాను. మిగతావాళ్ళు తలలు దించుకున్నారు.

ఎగువకు దారి నిటారుగా ఉంటుంది. అరవై దాటిన మనిషి మోకాళ్ళ మీద చేతులు ఊని ఎక్కింది. ఊట దగ్గర చిన్నాన్నా, మరి కొందరూ ఉన్నారు. మమ్మల్ని చూసి ఒకడు అడ్డంగా నిలబడి, దయ్యం నీళ్ళు మీకెందుకన్నాడు. తప్పు పట్టడానికి లేదు, ఆ మాట మేం నేర్పిందే. చిన్నాన్న కూడా కదలకుండా అక్కకేసి చూశాడు.

“ఏటప్పా, ఇన్నాల్లకి దారి తెలిసిందేటి?”

“తిట్టరా, తిట్టు. నీకు ఎంత కోపముందో అంతా తిట్టు. గానీ తర్వాత తిట్టు. గుంట సచ్చిపోతంది. కోడలు కళ్ళు తేలేసింది. ముందు నీళ్ళియ్యి.”

చిన్నాన్న మా చేతుల్లోంచి బిందెలు లాక్కుని తానే ముంచాడు. గూడెంలోకి కేకేసి మగవాళ్ళని పిలిచి, దుప్పటీ, వెదురుబొంగూ పట్టుకురమ్మన్నాడు. “బేగి నడు అప్పా, బేగి!” అంటూ నీళ్ళ కావిడి భుజాన వేసుకుని, ఆ జారుడు దారిలో మాకంటే ముందే దిగిపోయాడు.

పాపకి ఆ నీళ్ళు అందలేదు. మేం గుడి గుమ్మం ఎక్కేసరికే అన్నయ్య చేతుల్లో ప్రాణం పోయింది. మిగతా రోగులందరికీ ఎగువ ఆడవాళ్ళు చోడి గంజిలో ఉప్పు వేసి తాగించారు. వదినను డోలీలో వేసుకుని బొంగు ఒక కొస అన్నయ్యా, మరో కొస చిన్నాన్నా ఎత్తుకుంటే, ఎగువ కుర్రాళ్ళు దారి పొడుగునా భుజాలు మార్చుకుంటూ రోడ్డుదాకా మోశారు. జీపు దొరికింది, ఆసుపత్రి చేరింది, ఆమె బతికింది.

మర్నాడు పాపను పాతిపెట్టేటప్పుడు అయ్యగారు వచ్చి, ఈ బిడ్డ కూడా ప్రభువులాగే ఆరోహణమై వెళ్ళింది, ఏడవకండి, సంతోషించండి అన్నారు. మా అత్త అప్పుడు అరిచిన అరుపు ఆ కొండల్లో ఇంకా ఉందనిపిస్తుంది నాకు.

“ఎల్లలేదు! అది ఎల్లలేదు! మనమే పంపీసినాం!”

ఆ తర్వాత అత్తను బల్లకు దూరంగా పెట్టారు. పెద్దలు కూర్చుని తీర్మానించారు. బతికించినామెకు శిక్ష, చావు చూస్తూ ప్రసంగించినాయనకు దండలు. కొన్నేళ్ళకు ఆయన బదిలీ మీద కిందికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు కూడా మా గుమ్మంలోకి వచ్చి ఒక్క మాట అనలేదు. ఆ కోపాన్ని దేవుడి పాదాల దగ్గర పెట్టెయ్యమని నాకు చాలామంది చెప్పారు. పెట్టాను. ఆయన కూడా కోపంగానే ఉన్నాడేమోనని నా అనుమానం.

మరుసటి ఏడు ఆరోహణ పండుగకు అత్త గుడికి వెళ్ళలేదు. పార పట్టుకుని ఊటకు వెళ్ళి, వానలు పడకముందే పూడిక తీసి, చుట్టూ రాళ్ళు పేర్చి, పశువులు దిగకుండా దడి కట్టింది. చిన్నాన్న వచ్చి చెయ్యేశాడు. ఆ పై ఏడు రెండు గూడేల ఆడవాళ్ళూ వచ్చారు. రెండువేల సంవత్సరం దాటాక కూడా చాలా ఏళ్ళు, మాకు పండుగంటే అదే. పసుపు రాయిని ఎవరూ కదపలేదు, ప్రార్థన ఎవరూ ఆపలేదు. ఒకసారి మట్టి చేతులతోనే అంబలి తాగుతూ అత్త అన్న మాట నా చదువుకు ఎన్నడూ తట్టలేదు.

“ఒల్లు ఇక్కడ ఇడిసీసి ఎల్లినాడేటే ఆయన? ఒల్లుతోనే ఎల్లినాడు. మేకుల గాయాలతోనే ఎల్లినాడు. ఒల్లంతే ఆయనకి అంత ఇట్టమైతే, ఈ అయ్యగార్లకి ఏటే అసయ్యం?”

ఆరోహణమంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఇప్పటికీ ఇంతే చెబుతాను. దాహమేసే ఒంటిని, అలిసిపోయే కాళ్ళను దేవుడు తన దగ్గరకే తీసుకుపోయాడు, అందుకే దాహంతో ఉన్న ఏ ఒంటినీ చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. ఆయన కనిపించకుండా పోయింది మనల్ని వదిలెయ్యడానికి కాదు. ఒక్క ఊళ్ళో, ఒక్క గుడిలో దొరికేవాడు కాకుండా పోవడానికి. ఆనాడు ఆకాశంలోకి చూస్తూ నిలబడిపోయిన శిష్యుల్ని కూడా, ఎందుకలా నిలబడ్డారని దేవదూతలు అడిగారు కదా. మా అయ్యగారు ఆ ముక్క చదవకుండా ఉండి ఉండరు.

అత్త రెండువేల ఏడు ఎనిమిది ప్రాంతాల్లో పోయింది. చిన్నాన్న ఆమె తర్వాత ఎక్కువ కాలం లేడు. ఆ తర్వాత రోడ్డు వచ్చింది, కరెంటు వచ్చింది, రెండు గూడేలకూ రెండు ట్యాంకులు, వీధి వీధికీ కుళాయిలు వచ్చాయి. నీళ్ళ వల్ల ఇప్పుడు మా ఊళ్ళో పిల్లలు చావడం లేదు, అందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

కిందటేడు వెళ్ళినప్పుడు ఊట దగ్గరికి వెళ్దామంటే దారే కనిపించలేదు, ముళ్ళకంపలు అల్లుకుపోయాయి. ఎగువ గూడెంలో ఎవరెవరున్నారని అన్నయ్య మనవరాలిని అడిగితే, వాళ్ళు అన్యులు మామ్మా, మనం వెళ్ళం అంది. ఎగువ కుర్రాళ్ళు కూడా ఇప్పుడు మావాళ్ళను వేరేవాళ్ళుగానే చూస్తున్నారట, చావుకూ పెళ్ళికీ పిలుచుకోవడం లేదట. వాళ్ళు మీ తాత చిన్నాన్న మనవలే, ఒకే రక్తం అని ఆ పిల్లకు ఎంతో సేపు చెప్పాను. గుమ్మంలో కూర్చున్న వదిన నా మాటలన్నీ విని, బిందె తీసుకుని కుళాయి దగ్గరకు వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో మాకు ఏమీ ఉండేది కాదు, కనీసం ఒకరి గుమ్మం ముందు ఒకరు నిలబడి నీళ్ళడిగే అవసరం ఉండేది. ఇప్పుడు ఎవరి కుళాయి వాళ్ళకుంది, ఎవరి దేవుడు వాళ్ళకున్నాడు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.