గడప మీద మూడు కాళ్లు

మూడు కాళ్ల కుక్కను కొట్టు గడప మీద పడుకోబెడుతున్నానని జగ్గయ్యపేటలో నన్ను అనని వాళ్లు లేరు. అననీ. నేను పడుకోబెడుతూనే ఉన్నాను.

అది మొదట కుంటినప్పుడు బెణికిందనుకున్నాం. మా వైపు మనిషికి బెణికినా గొడ్డుకు బెణికినా ముందు వెళ్లేది కట్టు కట్టేవాడి దగ్గరికే. చిల్లకల్లు అవతల ఒకాయన కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి ముందు కాలికి కట్టు కట్టాడు. రోజూ ఆముదం వెచ్చచేసి కట్టు చుట్టూ రుద్దమన్నాడు. రుద్దాను. అది నా చెయ్యి నాకేది. హాయిగా ఉందేమో అనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దేదాన్ని. ఆపమని బతిమాలుతోందని నాకు తట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులంటే నాకు అసహ్యం.

వాపు పెరిగేసరికి నందిగామలో పశువుల డాక్టరుకు చూపించాను. ఆయన కట్టు విప్పి, వేలితో ఒక్కసారి తాకి వదిలేశాడు.

"ఇది బెణుకు కాదండి. ఇంక రుద్దకండి. విజయవాడ తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి."

విజయవాడలో ఎక్స్‌రే తీశారు, ఎముక ముక్క తీసి పరీక్షకు పంపారు. ఎముక క్యాన్సర్. ఛాతీలోకి పాకినట్టు ఇంకా కనబడలేదన్నారు.

"కాలు తీసేసి, తర్వాత కీమో ఎక్కిద్దామండి. జబ్బు పూర్తిగా పోద్దని చెప్పలేను. ఈ నొప్పి మాత్రం పోద్ది," అంది అక్కడి డాక్టరమ్మ.

"తీసేయండి," అన్నాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు.

మా పచారీ కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మా బావగారు, మావారి అన్నయ్య. బోణీ అయ్యేదాకా ఎవరితోనూ సరిగా మాట్లాడని మనిషి.

"పొద్దున్నే బోణీ వేళకి అవిటి కుక్క ఎదురైతే బేరాలేం సాగుతాయమ్మా? ఇంజెక్షన్ చేయించేస్తే దానికీ సుఖం, మనకీ సుఖం."

"దాని సుఖం సంగతి నేను చూసుకుంటానండి. మీకు ఎదురు రాకూడదనుకుంటే వెనక గోడౌన్ తలుపులోంచి రండి, బావగారూ."

నిజంగానే అలాగే వచ్చారు, ఎనిమిది నెలలు. బస్తాల మధ్య పక్కకు తిరిగి, పంచెకు పిండి అంటించుకుంటూ. బేరాలు ఎప్పట్లాగే సాగాయి. అది గడప మీద ఎండకు పొర్లింది, మూడు కాళ్లతోనే పిల్లుల్ని తరిమింది.

మొన్న దగ్గు మొదలైంది. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చలు కనబడ్డాయి. ఇంట్లో చెప్పాను. ఎవరైనా "చెప్పాంగా" అంటే తిరగబడదామని కాచుకుని ఉన్నాను.

ఈరోజు పొద్దున బావగారు వీధి వైపు నుంచి వచ్చారు. దాన్ని దాటకుండా గడప బయటే నిలబడ్డారు. వెనకాలే ఒకాయన సంచీతో వచ్చి కందిపప్పు అడిగాడు.

"కాస్త ఆగవయ్యా," అన్నారు బావగారు. "అది లేవనీ. బోణీ తర్వాత చేద్దాం."