ఇద్దరినీ పంపిన రాహేలక్క

గోదావరిఖని బస్టాండు బయట మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గర మొన్న సాయంత్రం నిలబడిపోయాను. కొనడానికి కాదు. బొగ్గు అప్పుడే రాజుకుంటున్నప్పుడు వచ్చే పచ్చి పొగ, గొంతులో గరగరలాడే ఆ వాసన, నన్ను నేరుగా రాహేలక్క పెరట్లోకి తీసుకుపోయింది. ఇంటింటికీ గ్యాసు వచ్చినా ఆమె మాత్రం బొగ్గుల పొయ్యి మానలేదు. ఆ ఇంట్లో రెండు గదుల్లో మేము అద్దెకుండేవాళ్లం. ఆమె భర్త దేవదాసన్న బొగ్గుబాయిలో కార్మికుల మీద సర్దారుగా చేసి, రిటైరైన కొన్నాళ్లకే పోయాడు. పిల్లల్లేరు. ఆదివారం చర్చికి పోయేది, మిగతా రోజులు వాడకట్టులో ఎవరింట్లో ఏ కష్టమున్నా అక్కడికి పోయేది.

శంకర్‌తో పెళ్లయి ఆరేళ్లయినా మాకు సంతానం కలగలేదు. నా బడి చదువు పదో తరగతితో ఆగింది గాని పుస్తకాలు ఆగలేదు. లైబ్రరీలో ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఉన్నవన్నీ చదివాను. గర్భాశయం గురించి, అండం విడుదల గురించి డాక్టరు కంటే ముందే నేను చెప్పగలనని నాకు గట్టి నమ్మకం. ఆ ధీమాతోనే డాక్టరును కూడా నేనే ఎంచుకున్నాను. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి. వాళ్ల ప్రకటనలో గోడ నిండా పసిపిల్లల ఫోటోలు. ఫోన్ చేస్తే, తప్పకుండా అవుతుంది, గ్యారంటీ అన్నారు. సంబరంగా పోయి రాహేలక్కకు చెప్పాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని వంకాయ కాలుస్తోంది.

"ఏం లైబ్రరమ్మా, ఫోటోలు జూసి డాక్టరును పట్టినవా?" అని నవ్వింది. "పిల్లలు కానోళ్ల ఫోటోలు ఏ గోడకు పెట్టిండ్రో అడిగినవా మరి?"

"గ్యారంటీ అన్నరక్కా."

"గ్యారంటీ కుక్కరుకిస్తరు బిడ్డా, కడుపుకు కాదు. సరే, శంకర్‌ను గూడ తోల్కరమ్మన్నరా?"

"లే. నన్నొక్కదాన్నే రమ్మన్నరు. ఆయనకు డ్యూటీ ఉంటది గదా."

ఆ మాటకు ఆమె నవ్వు ఆగిపోయింది. మా దగ్గర అది ఎవరూ రాయని చట్టం. మగవాడు డ్యూటీకి, ఆడది దవాఖానకు. నేను చదివిన పుస్తకాల్లో భర్తకూ పరీక్షలు చేయాలని ఉంది. చదివాను కూడా. కానీ ఆ మాటను మా ఇంటి గడప దాటించి లోపలికి తేవడం నాకు చేతకాలేదు. ఒకసారి మెల్లగా కదిపితే శంకర్ మొహం మాడ్చుకున్నాడు. "సెలవెందుకని హాజరేసే మస్టర్ కాడ అడిగితె ఏం జెప్పాలె? బాయంత నవ్వుతది" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అప్పటికే మా అత్తగారు చుట్టాల దగ్గర లోపం నాదేనని చెప్పేస్తోంది.

ఆ వారం శంకర్ మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి రాహేలక్క మా వాకిట్లో కూర్చుని ఉంది. నేను చాయ్ ఇచ్చాను. శంకర్ బాయి పనిలో చేరిన తొలి ఏడాది దేవదాసన్న కిందే చేశాడు. ఆ పేరు చెబితే ఇప్పటికీ నిటారుగా కూర్చుంటాడు.

"శంకర్, మీ సర్దారు కప్పు తట్టి సూడకుంట ఒక్కనాడన్న మిమ్ముల లోపలికి తోలిండా?" అని అడిగింది.

బాయిలో పని మొదలుపెట్టే ముందు నెత్తి మీది బొగ్గు కప్పును కర్రతో తట్టి, చప్పుడు వింటారు. గట్టిగా ఉంటే ఒక చప్పుడు, లోపల విడిపోయి ఉంటే మరో చప్పుడు.

"అమ్మో! అన్న తట్టనిదే అడుగు గూడ పెట్టనియ్యకపోయేటోడు" అన్నాడు శంకర్.

"అసొంటి మనిషి నాతోని దవాఖానకు ఒక్కనాడు రాలే. కరీంనగర్ పోయిన, వరంగల్ పోయిన, ఉపాసం ప్రార్థనలు జేసిన. మందులన్నీ నేనే మింగిన. ఆయన మంచోడే, నన్ను ఒక్క మాటనలే. గని లోపం నాదా, ఆయనదా, అసలు ఎవల్దీ కాదా, నాకిప్పటికీ తెల్వది. ఇగ తెల్వది గూడ. తట్టి సూస్తే కప్పుకేమన్న ఇజ్జత్ పోతదా తమ్మీ?"

ఆమె లేచి, చీర దులుపుకుని, ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. ఖాళీ చాయ్ గ్లాసు నా చేతికిస్తూ శంకర్ అడిగాడు, "ఏ దినం పోవాలె?"

డాక్టరును మళ్లీ వెతికాం. ఈసారి ఎలా అడగాలో రాహేలక్క నేర్పింది. ఇద్దరినీ చూస్తారా? కాకపోతే ఏం చేస్తారో ముందే చెబుతారా? శంకర్ షిఫ్టు చూసుకుని పోయి రావడానికి వీలవుతుందా? కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గర ఫోన్ ఎత్తిన అమ్మాయి, భర్త రాకుండా మొదటిసారి చూడరని చెప్పింది. అక్కడికే నిశ్చయించుకున్నాం. పాత స్కానింగులన్నీ వరుసలో పెట్టుకున్నాను. నెలసరి తేదీలు గుర్తుచేసుకున్నాను. అతని పరీక్షకు ముందు ఎన్నాళ్లు ఎడంగా ఉండాలో ఫోన్ చేసి కనుక్కున్నాను. శంకర్ గుట్కా తింటాడన్న సంగతి డాక్టరమ్మ దగ్గర దాచొద్దని రాహేలక్క గట్టిగా చెప్పింది. నాకు మాత్రం ప్రత్యేకంగా ఒక మాట చెప్పింది. "నీ సదువు మంచిదే. గని అది డాక్టరమ్మకు పరీక్ష పెట్టనీకె కాదు, సక్కగ అడగనీకె."

పరీక్షల్లో ఇద్దరిలోనూ కొంత కొంత ఇబ్బంది తేలింది. ఆ రోజు తిరుగు బస్సులో శంకర్ కిటికీ వైపు చూస్తూ నా చేయి పట్టుకున్నాడు. పెద్దపల్లి దాటినా వదల్లేదు. వైద్యం చాలాకాలం నడిచింది. రెండుసార్లు ఆశ పుట్టి పోయింది. కాకపోవచ్చని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పి ఉన్నందువల్ల, ఇక చాలనుకున్న రోజు మోసపోయామనిపించలేదు. ఇద్దరం కలిసే ఆపేశాం. అత్తగారు మళ్లీ నా పేరెత్తితే శంకరే అడ్డుకున్నాడు. "ఇద్దరిదీ ఉన్నదమ్మా. ఇగ ఆ ముచ్చట బందువెట్టు" అన్నాడు.

రాహేలక్క చివరి రోజుల్లో రామకృష్ణాపూర్‌లోని తమ్ముడి ఇంటికి పోయి, అక్కడే కన్నుమూసింది. ఆమెకు దొరకని జవాబు మాకు దొరికింది. దానితోనే మేమిద్దరం ఒక ఇంట్లో నెమ్మదిగా బతుకుతున్నాం.

ఇప్పుడు కాలనీ ఆడపిల్లలు లైబ్రరీలో నా పక్కన కూర్చుని, ఎవరూ వినకుండా అడుగుతుంటారు.

"అక్కా, పిల్లల కోసం ఏ డాక్టరు మంచిది?"

"డాక్టరు పేరు తర్వాత చెప్త," అంటాను, "ముందు మీ ఆయనది ఈ వారం ఏ షిఫ్టో చెప్పు."