కొత్త పండగకు ముందు మామిడికాయ పప్పు

హైదరాబాదులో నన్నెవరైనా ఏ ఊరని అడిగితే ఖమ్మం అని చెప్తాను. మా ఊరు ఖమ్మం కాదు. కొత్తగూడెంలో రైలు దిగి, బస్సెక్కి, ఆ బస్సు దిగాక ఆటోలో ఇంకో గంట పోతే, తారురోడ్డు ఆగిపోయిన చోటి నుంచి అడవిలోకి నడిచే దారి మీద ఉంటుంది. ఆ ఊరి పేరు చెప్తే ఇక్కడ ఎవరికీ తెలియదు. భద్రాచలం దగ్గరా అంటారు. అవునంటే, అడవిలోనా, పులులుంటాయా, మీరేం తింటారు అని మొదలుపెడతారు. మొదట్లో ఓపికగా చెప్పేవాణ్ని. తర్వాత విసుగు పుట్టింది. ఖమ్మం అనేస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. చాలా ఏళ్లుగా అదే చెప్తున్నాను.

ఇక్కడొక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. నా భార్య కొత్తగూడెంలో టీచరు. ఆమెకు ఇటు ట్రాన్స్‌ఫర్ రాదు, నాకు అటు రాదు. నెలకు రెండుసార్లు రైలెక్కి పిల్లల్ని చూసి వస్తాను. మిగతా రోజుల్లో మూడో అంతస్తులో ఒక కిరాయి గది, ఒక గ్యాస్ పొయ్యి, నేను. ఈ నగరం నాకు ఉద్యోగమిచ్చింది, కాదనను. ఇక్కడ నా కులమేమిటో, మా ఇంట్లో ఏ భాష మాట్లాడతామో పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. అది కూడా ఒక సుఖమే. కానీ ఒక్కరోజైనా ఇది నా ఊరే అనిపించలేదు. పోనీ సొంతూరికి పోతే అక్కడా రెండో రోజుకే ఫోన్ సిగ్నల్ లేదని, కరెంటు పోయిందని చిరాకు. ఎక్కడా కుదురు లేకుండా తయారయ్యాను.

అట్లాంటి నా గదికి పోయినేడు ఎండాకాలం మొదట్లో అక్క వచ్చింది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయినప్పుడు నాకు ఊహ తెలియదు, నన్ను చంకన వేసుకుని పెంచింది అక్కే. బావ చనిపోయాక ఊళ్లో మా ఇంట్లోనే ఉంటోంది. రొమ్ములో గడ్డ ఉన్న సంగతి చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. ఖమ్మంలో ఆపరేషన్ చేసి, కరెంటు పెట్టించాలి, అంటే రేడియేషన్, హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. ఇక్కడి పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ కాయితాలన్నీ చూసి, ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టాలని, శని, ఆదివారాలు తప్ప రోజూ రావాలని చెప్పింది. "మధ్యలో మానేస్తే అప్పటిదాకా పెట్టింది కూడా దండగే. ముందే చెప్తున్నా" అంది. చాలామంది మధ్యలో ఊరికి పోయి మళ్లీ జబ్బు ముదిరాక వస్తారట.

బయటికి వచ్చాక అక్క అడిగింది. "ఎన్నంటున్నది?"

"ఇరవై అయిదు."

"గంతేనా? సగం కట్ట."

తునికాకు ఏరేవాళ్ల లెక్క అది. ఎండాకాలం మా ఊరంతా అడవిలో పడి బీడీలకు తునికాకు కోస్తుంది. యాభై ఆకులు ఒక కట్ట. అక్క చేతులు ఆ కట్టలు కట్టీ కట్టీ గట్టిపడిపోయాయి. అందుకని ఇరవై అయిదు ఆమెకు పెద్ద సంఖ్యగా కనపడలేదు. మొదటి రోజు కరెంటు పెట్టించుకుని వస్తూ దవాఖానా గేటు పక్కనున్న కానుగ చెట్టు నుంచి ఒక ఆకు తెంపి సంచిలో వేసుకుంది. రోజుకో ఆకు అన్నమాట.

పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్లేవాళ్లం. టోకెన్ తీసుకుని, అక్కను బెంచీ మీద కూర్చోబెట్టి, నేను ఆఫీసుకు పరిగెత్తి, మధ్యాహ్నం పర్మిషన్ పెట్టి మళ్లీ వచ్చేవాణ్ని. ఆమెను గదిలో దింపి ఇంకోసారి ఆఫీసుకు. పది రోజులయ్యేసరికి బస్సులో నిలబడే నిద్రపోవడం నేర్చుకున్నాను. బస్సులో అక్క మా కోయ మాటలో గట్టిగా ఏదో అడిగేది. నలుగురూ వెనక్కి తిరిగి చూసేవాళ్లు. నేను తగ్గించమని చేత్తో సైగ చేసేవాణ్ని. ఆ సైగ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

అక్కకు నగరంలో నచ్చింది ఒక్కటే, నల్లా. "ఇంత మీదికి నీళ్లెట్ల ఎక్కుతున్నయ్ తమ్మీ?" అని తిప్పి చూసి, కట్టేసి, మళ్లీ తిప్పేది. నచ్చనిది ఎదురింటి తలుపు.

"గా ఇంట్ల మనుషులున్నరా?"

"ఉన్నరు."

"మరి సడి లేదేంది? మనం వచ్చి ఇన్ని దినాలాయె, తిన్నరా అని ఒక్కళ్లన్న అడగకపాయె."

నేనైనా పద్నాలుగేళ్లలో ఎవరి తలుపు తట్టి అడిగానని.

దవాఖానా బెంచీ మీద అక్కకు ఒక స్నేహం కుదిరింది. ముదిగొండ దిక్కు నుంచి వచ్చిన రైతుల ఇంటావిడ, ఆమెకూ అదే జబ్బు. మా దిక్కు నుంచి మిరపకాయలు ఏరడానికి కూలికి పోయేది అట్లాంటి వాళ్ల చేలకే. అక్క కూడా చాలా ఏళ్లు పోయింది. అక్కడైతే ఆమె అరుగు మీద, అక్క వాకిట్లో. ఇక్కడ ఇద్దరిదీ ఒకటే బెంచీ, ఒకటే నీలం గౌను. వదినా అంటే వదినా అనుకునేవాళ్లు. ఆమె రోజూ టిఫిన్ డబ్బా తెచ్చేది, అక్కకు కూడా ఇంత పెట్టేది. నగరం మీద నాకెన్ని పితూరీలున్నా, ఆ బెంచీని చూసినప్పుడు మాత్రం నోరు మూసుకోవాల్సి వచ్చేది.

పదిహేడు ఆకులయ్యాయి. నాకు బాగా గుర్తు, అది ఉగాది అయిన వారం తర్వాతి ఆదివారం. అక్కకు కొన్ని రోజులుగా నోరు చప్పగా ఉంటోంది, ఏదీ సయించడం లేదు. బండి మీద పుల్లటి మామిడికాయలు కనిపిస్తే రెండు కొన్నాను. ఎండకు గది పెనంలా కాలుతోంది. ఫ్యాన్ వేస్తే పొయ్యి ఆరిపోతుంది, కాబట్టి ఫ్యాన్ కట్టేసి, చెమటలు కక్కుతూ మామిడికాయ పప్పు వండాను. వెల్లుల్లి దంచి పోపు కూడా పెట్టాను.

అక్క పళ్లెం ముందు కూర్చుని చూసింది. "మామిడికాయనా తమ్మీ?"

"అవ్. పుల్లగుంటే నోటికి మంచిగుంటదని తెచ్చిన."

అక్క నా మొహం వైపు కాసేపు చూసింది. అన్నం కలుపుకుంది. తిన్నది. ఇంకొంచెం వెయ్యమంది. పది రోజుల తర్వాత ఆమె రెండోసారి పెట్టించుకోవడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మర్నాడు పొద్దున లేచేసరికి అక్క బట్టలు సంచిలో సర్దుకుని తలుపు దగ్గర కూర్చుంది.

"ఊరికి పోదం."

"ఇంక ఎనిమిది ఉన్నయ్ అక్కా."

"చాలు. నాకు పెట్టిన కాడికి చాలు."

ఎందుకని అడిగితే చెప్పదు. డాక్టరమ్మ చెప్పింది గుర్తు చేశాను, వినదు. నాకు కోపమొచ్చింది. సెలవులన్నీ నీకే ఊడ్చిపెట్టిన, ఆఫీసర్ చేత రోజూ మాటలు పడుతున్న, బతకాలని లేదా నీకు అని గట్టిగా అరిచాను. ఎదురింటి తలుపు కొంచెం తెరుచుకుని మళ్లీ మూసుకుంది. అక్క చెప్పులు వేసుకుని నా వెంట వచ్చింది. దవాఖానా దాకా వచ్చింది గానీ, నర్సు పేరు పిలిచినప్పుడు లేవలేదు. రెండోసారి పిలిచారు. అక్క నేల చూపులు చూస్తూ కూర్చుంది. మూడోసారి ఇంకొకరి పేరు పిలిచారు.

ముదిగొండ వదిన నన్ను పక్కకు పిలిచింది. "ఏమైందయ్యా? నిన్న ఏం తిన్నది?"

మామిడికాయ పప్పు తినిపించానని కొంచెం గొప్పగానే చెప్పాను.

"మామిడికాయనా? నేను రోజూ మామిడికాయ తొక్కు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెడతది గదయ్యా. మా ఊళ్లో కొత్త కాలేదు వదినా, తినగూడదు అంటది. నేను నవ్వితే కూడా ముట్టలేదు."

నేను బెంచీ మీదున్న అక్క వైపు తిరిగి చూశాను.

మా ఊళ్లో మామిడికాయ క్యాలెండర్ చూసి తినరు. చెట్టు నిండా కాయలున్నా, కింద రాలి పడుతున్నా, ఊరంతా కలిసి కొత్త పండగ చేసి, తొలికాయలు అమ్మవారికి, చచ్చిపోయిన పెద్దలకు పెట్టేదాకా ఎవరూ నోట్లో పెట్టరు. ఏ రోజు చెయ్యాలో ఊరి పెద్ద చెప్తాడు. మా ఇంటి తరఫున పెద్దలకు పెట్టే చెయ్యి అమ్మ పోయినప్పటి నుంచి అక్కదే. అట్లాంటి మనిషి ముందు నేను పప్పు పెట్టాను. నగరానికి వచ్చిన కొత్తలో రెండేళ్లు నేనూ ఆ నియమం పాటించాను. ఎందుకు తినవు అని అడిగినవాళ్లకు చెప్పీ చెప్పీ అలిసిపోయి మూడో ఏడు వదిలేశాను. ఆఫీసులో కాగితం గ్లాసులో ఉగాది పచ్చడి ఇస్తారు, తాగుతాను, నా మటుకు మామిడికాయ అప్పటి నుంచి మొదలు. ఈసారి ఊళ్లో ఒక చావు జరిగి కొత్త వెనక్కి పోయిందట. ఫోన్ చేసి ఒక్క మాట అడిగితే తెలిసేది. అడగాలని కూడా తోచనంత దూరం వెళ్లిపోయాను.

అక్క పక్కన కూర్చున్నాను. "తెలిసి ఎందుకు తిన్నవ్ అక్కా?"

అక్క చెప్పింది. "వారమంత తిరిగి తిరిగి ఒక్క ఆదివారం దొరికితే, గంత ఎండల పొయ్యికాడ నిలబడితివి. వద్దంటే నీ మొహం ఎట్ల చూడాలె?"

"మరి మళ్లా ఎందుకు పెట్టించుకున్నవ్?"

"కొంచెం తిని ఆపితే నీకు అనుమానం రాదా?"

దవాఖానా అని కూడా చూడకుండా ఏడ్చాను. అక్క కొంగుతో నా మొహం తుడిచి, మెల్లగా అసలు సంగతి చెప్పింది. "పెద్దలకన్న ముందు తిన్న. తప్పు చేసి ఆ మిషన్ కింద పండుకోవాలంటే భయమైతాంది తమ్మీ. ఊరికి పోయి తప్పు కట్టుకొని వస్త."

పోతే మళ్లీ రాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. డాక్టరమ్మ మాట చెప్పి ఆ భయాన్ని తీసెయ్యలేను. వరండాలోకి వెళ్లి ఊరి పెద్దకు ఫోన్ చేశాను. రెండుసార్లు కలవలేదు. మూడోసారి ఎత్తాడు. జరిగిందంతా చెప్పాను.

"కాయ తెచ్చిందెవలు?"

"నేనే."

"వండిందెవలు?"

"నేనే."

"మరి తప్పు ఆమెదెట్లయితదిరా? పెట్టినోనిది తప్పు. ఆమెను మందు పూర్తి చేసుకొని రమ్మను. కొత్త ఇంక పదిహేను దినాలకు పెడుతున్నం. నువ్వు రావాలె. ఒక పుంజు, ఒక కొబ్బరికాయ తీసుకొని నువ్వే వచ్చి ఊరి ముందల నిలబడాలె."

అక్కను వరండాలోకి పిలిచి ఫోన్ ఇచ్చాను. వాళ్లిద్దరూ మా మాటలో గట్టిగట్టిగా మాట్లాడుకున్నారు. వరండాలో అందరూ తిరిగి చూశారు. ఈసారి నేను సైగ చెయ్యలేదు. అక్క ఫోన్ నా చేతిలో పెట్టి, తానే నర్సు దగ్గరికి వెళ్లి నిలబడింది. నర్సు బాగా తిట్టి, చివరికి లోపలికి పంపింది.

మిగిలిన ఎనిమిదీ పూర్తయ్యాయి. చివరి రోజుల్లో ఛాతీ మీద చర్మం నల్లగా కమిలి, రవిక వేసుకోవడానికి కూడా బాధపడింది. ఆఖరి రోజు ఊరికి బయల్దేరే ముందు పాత చీర అంచు చీల్చి ఇరవై అయిదు కానుగాకులను గట్టిగా కట్టింది. కిందివి ఎండి పెళుసుగా, పైవి ఇంకా పచ్చిగా ఉన్నాయి. తలుపు వేస్తుంటే ఆగమని, లోపలికి వెళ్లి నల్లా ఒకసారి తిప్పి వచ్చింది.

కొత్త రోజు ఊరంతా ఇప్పచెట్ల కింద చేరింది. పద్నాలుగేళ్ల తర్వాత నేను వెళ్లిన కొత్త అదే. ఆడవాళ్లలో కూర్చున్న అక్క చిక్కి సగమైంది, కానీ తలస్నానం చేసి మంచి చీర కట్టుకుంది. నేను పుంజును చంకలో పెట్టుకుని అందరి ముందు నిలబడ్డాను. ప్యాంటు, షర్టుతో ఉన్నది నేనొక్కణ్నే. సిగ్గుతో చచ్చిపోయాను.

నన్ను చంటిపిల్లవాడిగా ఎత్తుకున్న పెద్ద, ఎన్నడూ చూడనట్టు మొహం పెట్టి అడిగాడు. "ఎవనివి నువ్వు? ఏ ఊరు నీది?"

అట్లా అడగడం అక్కడి పద్ధతి. తప్పు, అంటే జరిమానా, ఊరివాళ్లకే వేస్తారు. బయటివాడు ఎప్పుడు ఏం తిన్నా వాళ్లకు పట్టదు. అందుకని నిలబడ్డవాడే చెప్పుకోవాలి. నేను నోరు తెరిచాను. అలవాటు కొద్దీ ఖమ్మం అని నాలుక చివరిదాకా వచ్చింది. అక్క వైపు చూశాను. ఆమె కన్నార్పకుండా నన్నే చూస్తోంది.

మా నాన్న పేరు చెప్పాను. ఊరి పేరు చెప్పాను. మెల్లగానే చెప్పాను.

"ఇనపడలే" అన్నాడు పెద్ద.

మళ్లీ చెప్పాను, గట్టిగా.