సగం గీకిన రేకు

నలభై ఏళ్లుగా ఒక గుడ్డపేలిక నా గుండెల మీద బరువుగా ఉంది. నవ్వుతారేమో. తారులో ముంచిన పేలిక, బొటనవేలంత. దాన్ని ఎక్కడ కుక్కానో నాకొక్కదానికే తెలుసు. ఇవాళ మీకు చెబుతాను, మధ్యలో ఆపకండి.

నా పెనిమిటి సూర్యాపేటలో ఒక దొర దగ్గర జీపు నడిపేవాడు. మిలిటరీవాళ్లు వేలం వేస్తే దొర కొన్న జీపు. ఆయనకు అదే లోకం. దాన్ని తుడిచేటప్పుడు ఏదో పాట తీసేవాడు. నా దగ్గర ఏనాడూ తీయలేదు, ఆ కుళ్లు నాకుండేది. ఇంజను అడుగున, రాళ్లు తగలకుండా బిగించే మందపాటి రేకు ఒకటి ఉంటుంది. వానలు వెనకబట్టేసరికి దానికి తుప్పు పట్టింది. మర్నాడు దొరను రైలుకు చేర్చాలి, బాటంతా వాగులు. ఆయన టైర్ల పనిలో పడి, ఇటుక ముక్క నా చేతిలో పెట్టి, "మంచిగ గీకి తారు పుయ్యి" అన్నాడు.

జీపు కింద గోనెపట్టా పరుచుకుని పడుకున్నాను. మిట్టమధ్యాహ్నం. బయట ఎండ, కింద చల్లటి నీడ. గీకుతుంటే ఎర్రటి పొడి మెల్లగా మొహం మీద రాలుతోంది. ఎప్పుడు కన్నంటిందో తెలియదు. కలలో జీపు నీళ్ల మీద తేలిపోతోంది, చక్రాలు లేవు, నేనూ ఆయనా పక్కపక్కన, ఆయన నాకోసం పాడుతున్నాడు. ఎంత హాయి!

చెప్పుల చప్పుడుకు మెలకువ వచ్చింది. సగమే గీకాను. మిగతా సగం నొక్కి చూస్తే బొటనవేలు లోపలికి దిగిపోయింది. చెప్పొచ్చుగా? తిడతాడని భయమా? ఆయన ఏనాడూ తిట్టింది లేదు. జీపు మీద కుళ్లా? కొంత అదీ ఉందేమో. కొంగు చివర చింపి, తారులో ముంచి, ఆ బొక్కలో కుక్కి, పైన నున్నగా పూసేశాను.

"ఏమే, జంగు పోయిందా?" ఆయన వంగి అడిగాడు.

"పోయింది."

మావైపు తుప్పునూ జంగే అంటారు, యుద్ధాన్నీ జంగే అంటారు. పోలీసు యాక్షన్ జరిగి, ఊళ్లో లడాయి సద్దుమణిగి అప్పటికి నెల కూడా కాలేదు. ఎవరు ఎదురైనా అదే ప్రశ్న. నేను యుద్ధం సంగతే చెప్పానని ఎన్నేళ్లు నన్ను నేను బుకాయించుకున్నానో! వేలికి అంటిన తారు మాత్రం వారం దాకా వదల్లేదు.

మర్నాడు వాగులో ఒక రాయి ఆ రేకును చీల్చుకుని ఇంజను అడుగు పగలగొట్టింది. ఆయిలంతా నీళ్లపాలైంది. ఇంజను పట్టేసింది. దొరకు రైలు తప్పింది. "కండ్లు నెత్తికెక్కినయారా" అని అక్కడికక్కడే ఆయన్ను పనిలోంచి తీసేశాడు. ఆయన నడిచి ఇంటికొచ్చి, గడపలో కూలబడి, "రాయి సూడలేదే నేను" అన్నాడు. నేను మంచినీళ్లిచ్చాను.

మళ్లీ ఎవరూ ఆయన్ను స్టీరింగు పట్టనివ్వలేదు. కోదాడ బాటలో ఎడ్లబండి తోలాడు. రాయి కనబడితే బండి ఆపి, దిగి, దాన్ని పక్కకు తీస్తే గాని కదిలేవాడు కాదు. పక్కనే కూర్చుని చూసేదాన్ని. ప్రతి రాయి దగ్గరా చెబుదామనుకున్నాను. పాట మళ్లీ వినలేదు.

పోయిన కార్తీకంలో ఆయన వెళ్లిపోయాడు. క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి లేడు. చెబుతుంటే ఛాతీ కాస్త తేలికైంది, దానికీ సిగ్గుగానే ఉంది. ఆయన వంగి అడిగిన మాటకు జవాబు ఇదే.

పోలేదయ్యా. సగమే గీకిన.