కందిపప్పు డబ్బా మీది ఐదు ఊళ్ళు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ పని చెడిపోయినా కారణం ఒక్కటే, ముందుగా ఎవరూ చార్టు గీయకపోవడం. పెళ్ళిభోజనాల్లో సాంబారు చాలకపోవడానికీ, మా మేనమామ ఎరువుల కొట్టు మూతపడడానికీ కూడా నా దృష్టిలో అదే కారణం. (ఈ సంగతి మేనమామతోనే ఓసారి అన్నాను. అప్పట్నుంచీ ఆయన నాతో ముభావంగానే ఉంటున్నాడు.) నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. సౌదీలో ధహ్రాన్ పక్కనే ఖొబర్‌లో కాపురం. చమురు శుద్ధి చేసే ప్లాంట్లను ఇరవై రోజులపాటు ఆపేసి మరమ్మతు చేసే కాంట్రాక్టు కంపెనీ ఒకటుంటే, అందులో ప్లానింగ్ ఇంజనీరుని. అలా ఆపడాన్ని షట్‌డౌన్ అంటాం. ఆ ఇరవై రోజుల్లో ఏ బోల్టు ఏ గంటకు విప్పాలో, ఏ గంటకు బిగించాలో కంప్యూటర్లో గీతలు గీసి చెప్పడమే నా పని. నా చేత్తో ఒక్క బోల్టు విప్పిన పాపాన పోలేదు. అయినా ఆ ప్లాంట్లన్నీ నా గీతల వల్లే నడుస్తున్నాయని లోలోపల ఒక నిబ్బరం.

మా ఆవిడ ఫ్యామిలీ వీసా మీద వచ్చి అప్పటికి నాలుగు నెలలైంది. నాది తెనాలి, ఆవిడది కరీంనగర్. అక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. పిల్లలు ఆవిడ క్లాసంటే పరిగెత్తుకుంటూ వచ్చేవారని పెళ్ళిలో వాళ్ళ ప్రిన్సిపాలే నాతో అన్నాడు. అలాంటి మనిషి ఉద్యోగం మానుకుని వచ్చి, నాలుగో అంతస్తు ఫ్లాటులో ఏసీ చప్పుడు వింటూ కూచుంది. ఒక్కరోజు కూడా ఇదేమిటని అనలేదు. అనకపోవడమే నాకు భయంగా ఉండేది. ఏదైనా అడిగితే బాగుండును, ఎగిరి గంతేసి తెచ్చిపెడదామని ఎదురుచూసేవాణ్ణి.

చివరికి ఓ ఉదయం అడిగింది. సూపర్ మార్కెట్లో కొన్న ఇటలీ బిస్కెట్ల రేకు డబ్బా ఒకటుండేది ఇంట్లో. బిస్కెట్లు రెండ్రోజుల్లో అయిపోతే అందులో కందిపప్పు పోసింది. మూత మీద సముద్రం, ఆ సముద్రం మీదికి వంగిన కొండ, కొండ నిండా ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూచున్నట్టు ఎర్రవీ, పసుపువీ, గులాబీవీ ఇళ్ళు, ఐదు గుంపులుగా. పప్పు తీసినప్పుడల్లా ఆవిడ ఆ మూతను చేత్తో తుడిచి కాసేపు చూసేది. ఆ రోజు మాత్రం మూత పట్టుకునే హాల్లోకి వచ్చింది.

"ఏమండీ, గీ ఊర్లు నిజంగనే ఉంటయా? బొమ్మ గీసినోళ్ళు ఊకనే గీసిన్రా?"

వెతికాను. ఉన్నాయి. చింక్వె తెర్రె అంటారట, ఇటలీ పడమటి తీరాన, వరసగా ఐదు పల్లెలు. ఫోన్లో ఫొటో చూపించాను. ఆవిడ ఫోను వెనక్కి ఇవ్వలేదు. రెండు షట్‌డౌన్ల మధ్య నాకు నాలుగు రోజులు సెలవు రాబోతోంది. "పోదాం" అన్నాను. ఆ మాటకు ఆవిడ ముఖంలోకి వచ్చిన వెలుగు చూశాక, ఈ ఒక్క పని చెడగొట్టుకుంటే నేనసలు మనిషినే కాదనుకున్నాను. చెడిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు కదా! చార్టు గీయాలి.

గీశాను. నాలుగు రోజులకు నూట పన్నెండు పనులు. ఇంటి తాళం వేయుట, ఒక నిమిషం. తాళం పడిందో లేదో చూచుట, ఒక నిమిషం. రెండో ఊళ్ళో ఫొటోలు, ఏడు నిమిషాలు. నాలుగో ఊళ్ళో సూర్యాస్తమయం, ఇరవై ఐదు నిమిషాలు. రంగుల్లో అచ్చేయించి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి మొదట్నుంచీ చివరిదాకా ఓపిగ్గా చదివింది.

"గీ ఫ్లోట్ అంటె ఏందండీ?"

"ఎక్కడైనా ఆలస్యమైతే సర్దుకోడానికి ఉంచుకున్న టైము."

"మరి ఐస్‌క్రీం ఎప్పుడు తింటం?"

"ఫ్లోట్‌లో."

"ఊకనే కూసుంటందుకు?"

"ఊరికే ఎందుకు కూచుంటాం, అంత దూరం వెళ్ళి?"

ఆవిడ నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మెచ్చుకుందనే అనుకున్నాను. (మెచ్చుకోవడం అలా ఉండదని తెలియడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.) ఇటలీ వీసాకు పెట్టిన కాగితాల్లో కూడా ఆ చార్టు జతచేశాను. కౌంటర్లో ఉన్నావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీరు వెళ్ళేది సెలవు మీదేనా?" అని ఇంగ్లీషులో అడిగింది. వీసాలు మాత్రం వచ్చాయి.

ఇక మా మందూబ్ భాయ్ సంగతి చెప్పాలి. ప్రతి కంపెనీలోనూ సర్కారు కాగితాల పని చూసే మనిషి ఒకడుంటాడు, మందూబ్ అంటారు. మా మందూబ్‌ది ప్రొద్దుటూరు. వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. చదివింది ఏడో తరగతి, అరబ్బీ మాత్రం అక్కడే పుట్టినవాడిలా మాట్లాడతాడు. ఏ ఆఫీసులో ఏ కిటికీ ఎన్నింటికి తెరుస్తారో ఆయనకు కంఠతా. మేం దేశం దాటి మళ్ళీ తిరిగి రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ అని విడిగా ఒక అనుమతి ఉండాలి. అది ఇప్పించేవాడు కఫీల్, అంటే మనకు పూచీ ఉన్నవాడు. నా కఫీల్ కంపెనీ. ఆ పని చేసిపెట్టేది మందూబ్ భాయ్. టీ తాగినప్పుడల్లా ఈ కఫీల్ ఏర్పాటును నేను కడిగిపారేసేవాణ్ణి. ఎదిగిన మనిషి గడప దాటడానికి ఇంకొకడి అనుమతేమిటి భాయ్ అని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ప్రయాణానికి వారం ముందు నా ఎగ్జిట్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సార్, మీది అయిపాయ. మరి మేడమ్‌ది?"

నేను తలెత్తకుండా, ఆఫీసు గోడకూ ఒకటి అంటించుకున్న ఆ ప్రయాణం చార్టును పెన్నుతో చూపించి, "అన్నీ అందులో ఉన్నాయి భాయ్" అన్నాను. ఆయన చార్టును అంత దూరం నించే చూసి, "అట్లనే సార్" అని వెళ్ళిపోయాడు. అందులో లేదని నాకు తెలియదు. అడిగినందుకు పైగా కొంచెం చిరాకు కూడా పడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రయాణం రోజు మధ్యాహ్నం దమ్మామ్ విమానాశ్రయానికి చార్టు ప్రకారం నాలుగు నిమిషాలు ముందే చేరాం. సామాన్ల క్యూలో నిలబడ్డప్పుడే పని నంబరు పద్దెనిమిది పూర్తిచేశాను. సౌదీ సిమ్ము తీసి రోమింగ్ సిమ్ము వేయుట, రెండు నిమిషాలు. తీసిన సిమ్మును చిన్న కవరులో పెట్టి, మీద పేరు రాసి, పెద్ద పెట్టె పై అరలో భద్రపరిచాను. పెట్టె రెండు కిలోలు ఎక్కువుందంటే కౌంటర్లో అతనితో తూకం గురించి కాసేపు వాదించాను. (ఆవకాయ సీసా ఉంది. దానికి చార్టులో బరువు వేయడం మర్చిపోయాను. తీసి పారెయ్యమంటే ప్రాణం ఒప్పుతుందా?) పెట్టె వెళ్ళిపోయింది. పాస్‌పోర్టు చూసే చోట నా వంతు ముందొచ్చింది. యూనిఫాంలో ఉన్న కుర్ర ఆఫీసరు చూసి, ముద్ర కొట్టి, వెళ్ళమన్నాడు. నేను పసుపు గీత దాటి అవతల నిలబడ్డాను. మా ఆవిడ పాస్‌పోర్టు తీసుకున్నాడు. కంప్యూటర్ చూశాడు. మళ్ళీ చూశాడు.

"మేడమ్ కా ఎగ్జిట్ రీఎంట్రీ నహీ హై."

మనవాళ్ళతో వేగి వేగి అక్కడివాళ్ళకు కాస్త హిందీ వస్తుంది. నేను గీత దగ్గరకు పరిగెత్తి, కంపెనీ ఇచ్చింది, అందరిదీ కంపెనీయే చూస్తుంది అని గడగడా చెప్పాను. అతను ఓపిగ్గా తల అడ్డంగా ఊపాడు.

"కంపెనీ తుమారా కఫీల్. మేడమ్ కా కఫీల్..." అని తెర మీద వేలు పెట్టి చదివి, ఆ వేలే నా వైపు తిప్పాడు. "తుమ్."

ఇఖామా అనే అక్కడి నివాసపు కార్డు మీద ఆవిడ నాపై ఆధారపడిన మనిషి. ఆవిడకు పూచీ నాది. ఆవిడ గడప దాటడానికి అనుమతి ఇవ్వాల్సింది నేను, నా ఫోన్లో, సర్కారు యాప్‌లో. రెండేళ్ళుగా టీ కప్పుల మీద నేను తిట్టిన కఫీల్ మా ఇంట్లోనే ఉన్నాడు, అదీ నా లుంగీ కట్టుకుని. వెనక క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆవిడ గీత అవతల నిలబడి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అంటె... నాకు కఫీల్‌వి నువ్వేనా?"

అప్పటిదాకా నన్ను 'మీరు' అనేది. ఆ కౌంటర్ దగ్గరే 'నువ్వు'లోకి దిగాను. మళ్ళీ పైకి ఎక్కింది లేదు.

విమానానికి ఇంకా గంటా పది నిమిషాలుంది. ఆఫీసరు మంచివాడు, నన్ను గీత దాటి వెనక్కి రానిచ్చి, పక్కన నిలబడి చేసుకోమన్నాడు. యాప్ తెరిచాను. ఓటీపీ పంపించామంది. ఎక్కడికి? నా సౌదీ నంబరుకు. ఆ సిమ్ము ఎక్కడుంది? కవరులో, పేరు రాసి, పెట్టెలో, విమానం కడుపులో. "అయిపోయింది, నా కర్మ, సిమ్ము పెట్టెలో పోయింది" అన్నాను. నూట పన్నెండు పనుల్లో ఆవిడ లేదు. ఆ సంగతే నన్ను ఎక్కువ తినేసింది. ఆవిడ జీవితంలో అడిగిన ఒక్క కోరికకు అన్ని గీతలు గీసి, అసలు మనిషి గడప దాటే గీతే మర్చిపోయాను.

మా ఆవిడ చేతి సంచీ జిప్పు తీసి, పిన్నీసులు పెట్టుకునే చిన్న అరలోంచి నా కవరు తీసింది. నేనే రాసిన పేరు.

"నువ్వు తూకం కాడ కొట్లాడుతుంటె తీసి నా సంచిల ఏసుకున్న. సిమ్ములు గూడ పెట్టెల ఏస్తరా ఎవరన్న?"

సిమ్ము అర తెరిచే పుల్ల కూడా పెట్టెలోనే వెళ్ళిపోయింది మరి. ఆవిడ చెవి దుద్దు తీసి దాని కాడతో అర తెరిచి, సిమ్ము మార్చి, ఫోను నా చేతిలో పెట్టింది. ఈలోగా తన ఫోన్లో మందూబ్ భాయ్‌ని పలికించింది. (వాళ్ళావిడ మా ఇంటికి కరివేపాకు పంపుతుంది. ఆ నంబరు ఆవిడ దగ్గరే ఉంది, నా దగ్గర లేదు.)

"కంగారు పడాకండి సార్, చెప్తాండా వినండి," అన్నాడాయన స్పీకర్లో. "ముందు బ్యాంకులో ఫీజు కట్టండి. కట్టినారా? ఇప్పుడు యాప్‌లో కుటుంబం అని ఉంటాది, దాంట్లోకి పోండి. మేడమ్ పేరు కనిపిస్తాందా?"

కనిపించింది. 'మీపై ఆధారపడినవారు' అని ఇంగ్లీషులో ఉన్న పట్టీ కింద ఒకే ఒక్క పేరు. పిల్లలు పరిగెత్తుకొచ్చే లెక్చరరు పేరు, పక్కన ఒక బొత్తాం. తల కొట్టేసినట్టయింది.

"ఎన్ని దినాలని అడుగుతాంది గదా. రెండు నెలల దాకా ఫీజు ఒకటే."

నా వేలు అలవాటు కొద్దీ నాలుగు మీదికి పోయింది. మా ఆవిడ నా భుజం మీంచి చూస్తూ, "అరవై కొట్టు" అంది.

"నాలుగు రోజుల ట్రిప్పుకు అరవయ్యా?"

"ఇచ్చెటప్పుడు మంచిగ ఇయ్యాలె."

అరవై కొట్టాను. భాయ్ ఫోను పెట్టేసేముందు మెల్లిగా, "నేను ఆ పొద్దే అడిగితి గదా సార్, మేడమ్‌ది అని" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆ మర్యాదకు ఇప్పటికీ ఆయనకు దణ్ణం పెడతాను. ఆఫీసరు తెర చూసి, ముద్ర కొట్టి, "మబ్రూక్ కఫీల్" అని అభినందించి నవ్వాడు. తలుపు మూసేముందు విమానం ఎక్కిన చివరి ఇద్దరం మేమే.

మిలాన్‌లో దిగాక తెల్లారి మొదటి రైలు కళ్ళముందే వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి చార్టు చార్టు కాదు. జేబులోంచి తీసి చూడబోతే మా ఆవిడ చెయ్యి చాచింది, ఇచ్చేశాను. ఐదు ఊళ్ళలో మేం చూసింది రెండే. కానీ ఆ రెండో ఊరు, మనరోలా, ఎలా ఉందంటారా? రేకు మూత మీద గీసినవాళ్ళు తక్కువే గీశారు. నిజంగానే కొండ మీంచి ఇళ్ళు సముద్రంలోకి తొంగిచూస్తున్నాయి. కిటికీల్లో ఆరేసిన దుప్పట్లు కూడా అందంగా ఉన్నాయి. రేవు దగ్గర రాళ్ళ మీద ఊరికే కూచున్నాం. ఐస్‌క్రీం తిన్నాం. సూర్యుడు దిగడం మొదలుపెట్టాడు. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు.

"నీ ఎగ్జిట్ ఎన్నిరోజులున్నది?" అంది చీకటి పడే వేళకు.

"వారం."

"నాకు అరవై. నువ్వు పోయి బోల్టులు ఇప్పిచ్చుకో. నేను నిమ్మలంగ వస్త."

నవ్వుతూనే అంది. కానీ కళ్ళు సముద్రం మీదే ఉన్నాయి. అప్పుడు నాకు నిజంగానే భయం వేసింది. రానంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. పెళ్ళయ్యాక మొదటిసారి, ఈ మనిషి నాతో వస్తుందా అని ఎదురుచూస్తూ ఆవిడ పక్కన కూచున్నాను. నాలుగో రోజు పొద్దున ఆవిడే నాకంటే ముందు పెట్టె సర్దింది.

ఆవిడిప్పుడు ఖొబర్‌లో మన దేశపు పిల్లల స్కూల్లో ఫిజిక్స్ చెబుతోంది. పిల్లలు పరిగెత్తుకునే వస్తారట. కందిపప్పు ఇప్పటికీ ఆ డబ్బాలోనే ఉంటుంది, మూత మీద రెండు ఊళ్ళ రంగు తుడిచి తుడిచి పోయింది. మిగిలిన మూడు ఊళ్ళూ చూడ్డానికి వచ్చే నెల మళ్ళీ నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఈసారి చార్టులో ఒకటే గీత ఉంది, నా కాగితం కంటే ముందు ఆవిడది తీయడం. నిన్న తీశాను. యాప్ ఎన్ని రోజులని అడిగింది. సూర్యాస్తమయానికి ఇరవై ఐదు నిమిషాలు కేటాయించిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అరవై కొట్టి, ఆవిడ ఎన్నో రోజున తిరిగొస్తుందో మాత్రం ఎక్కడా రాయలేదు.