ఏథెన్స్ నుంచి బార్సిలోనాకు ఒక ప్రార్థన కూటం

కువైట్ మీదుగా ఎగిరే పైలట్లకు దూరాల విషయంలో అనుమానం వస్తే మా గంగులయ్యకు ఫోను చేస్తారు. సరే, పైలట్లు కాదు, ఒక్క పైలట్. అతనూ పైలట్ కాదు, ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తే సాదిక్. ఫోను మాత్రం చేశాడు, కొడుకు దగ్గరుందామని కువైట్ వచ్చిన నేను పక్కనే ఉన్నాను.

గంగులయ్యది రాయచోటి. ఫహాహీల్‌లో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఎంత దూరాన్నైనా కుదించి చెప్పడం ఆయనకున్న జబ్బు. మంగఫ్ నుంచి అర్దియాకు ఎంతసేపని సాదిక్ అడిగితే "ఒక టీ తాగేంత" అన్నాడు. ఆ మాట నమ్మి నిఖాకు బయలుదేరిన సాదిక్ చేరేసరికి బిర్యానీ గిన్నెలు కడుగుతున్నారు.

ఈ వేసవిలో ఆ ఇంటివాళ్లు యూరప్ ప్రయాణం పెట్టుకున్నారు. పిల్లల్ని చూసుకునే ఎలీసమ్మ కూడా రావాలన్నారు. ఆమెది కోనసీమ. చిన్నప్పుడు పడవ బోల్తా పడింది మొదలు నీళ్లంటే వణుకు.

"ఏథెన్స్ దాకా రాత్రేనండి, మాత్రేసుకుని పడుకుంటాను. అక్కణ్ణుంచి బార్సిలోనాకి పట్టపగలంట, కిందంతా సముద్రమేనంట. నేనెక్కలేనండి."

"మామా ఏమంది?" వాళ్ల యజమానురాలి సంగతి అడిగాను.

"ఎక్కకపోతే ఖలాస్ అందండి. ఇక్కడుండే పర్మిట్టు, ఆ ఇఖామా రద్దు చేసి ఊరికి పంపేస్తాదంట."

గంగులయ్య నవ్వాడు. "దానికింత ఏడుపా? రెండు గంటలు. మీ శుక్రవారం ప్రార్థన కూటమంత."

"కూటమంతైతే కూర్చుంటాను అన్నా."

కాన్వెంటు సిస్టర్ల బెత్తం దెబ్బలతో జాగ్రఫీ నేర్చిన నేను ఊరుకుంటానా? ఫోను తీసి వెతికి నోరు తెరిచేలోగా నా కాలు తొక్కాడు. బయటికి వచ్చాక చెప్పాను.

"దాదాపు పందొమ్మిది వందల కిలోమీటర్లయ్యా. మూడు గంటలు."

"అట్నా సార్? ఆడ గడియారం మనకంటే ముందరా, యెనకా?"

"బార్సిలోనాలో గంట వెనక. ఏథెన్స్‌లో వేసవికి మన టైమే. ఎందుకు?"

"ఊరికే."

మర్నాటికల్లా ఎలీసమ్మ వాచీ గంగులయ్య చేతికి ఎక్కింది. సెల్ అయిపోవచ్చింది, మార్పిస్తానని ఊడదీయించుకున్నాడట. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆ గులాబీ రంగు పట్టీతోనే కారు నడిపాడు. డ్రైవర్లంతా వదినమ్మ అని పిలిచినా పలికాడు.

తిరిగొచ్చిన రోజు ఎలీసమ్మ కారులోంచి నవ్వుతూ దిగింది.

"అన్న మాటంటే మాటేనండి తాతగారూ. ఫోను మామా సంచిలో ఉండిపోయింది, వాచీ లేదు. ఏథెన్స్ గోడ మీద పదికి బయల్దేరామా, దిగి చూస్తే బార్సిలోనా గోడ మీద పన్నెండు. రెండు గంటలే. కాకపోతే పాస్టరుగారు ఆ రోజు కాస్త సాగదీసినట్టనిపించింది."

అప్పుడు వెలిగింది నాకు. గంగులయ్యను పక్కకు లాగాను.

"ఆమె గంట కొట్టేశావు కదయ్యా."

"యా గంట సార్? గడియారాల సంగతి నాకేం తెల్సు?"

"మరి వాచీ?"

"యా వాచీ?"

ఆయన మణికట్టు చూపించాను. ఎండకు నల్లబడిన చేతి మీద సన్నటి పట్టీ మేర చర్మం తెల్లగా మెరుస్తోంది.

గంగులయ్య చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"అది పుట్టుమచ్చ సార్."